ఆరవ అధ్యాయం: తాతగారి ప్రార్థన, ప్రభువు బల్ల

విశ్వాసం ఒక తరం నుంచి మరొక తరానికి ఉపదేశం ద్వారా అందేది కొంతే, ఇంటి అలవాటు ద్వారా అందేది అంతకు ఎన్నో రెట్లు. ఆ అలవాటు నిలబడాలంటే దానికి ఒక వేళ, ఒక చోటు, పక్కన కూర్చునే నలుగురు మనుషులు కావాలి. విజయవాడ నుంచి మచిలీపట్నం దాకా, కిందికి దివిసీమ దాకా కాలువల వెంట ఉన్న పల్లెల్లో పుట్టి నేడు నడివయసుకు చేరిన క్రైస్తవులను మొదట ప్రార్థన ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగితే, పాస్టరుగారి కంటే ముందు తాతగారినో నాయనమ్మనో తలచుకునేవారు చాలామంది కనిపిస్తారు. అయితే ఆ తలపు చాలా ఇళ్లలో హాలు గోడకు తగిలించిన పటం దగ్గరే ఆగిపోతున్నది. తాతగారంటే ప్రేమ ఉంటుంది, ఆయన పాడిన కీర్తన చెవిన పడితే కళ్లు చెమ్మగిల్లుతాయి, కానీ ఏ పనులు చేయడం వల్ల ఆయన అటువంటి మనిషి అయ్యారో ఆ పనులు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చేయరు. ప్రేమతో కూడిన జ్ఞాపకాన్ని రోజువారీ విశ్వాసంగా మలచుకోవడం ఎలా అన్నదే ఈ అధ్యాయపు విషయం. అందుకు క్రైస్తవ సంఘం దగ్గర రెండు వేల ఏళ్లుగా ఉన్న పద్ధతి ప్రభువు బల్ల.

చేసి గుర్తుంచుకోవడం

యేసు తాను అప్పగింపబడిన రాత్రి శిష్యులతో కలిసి చేసిన కడపటి భోజనాన్ని రొట్టెతోను ద్రాక్షరసంతోను సంఘమంతా కలిసి ఆచరించడాన్నే ప్రభువు బల్ల అంటారు. దక్షిణ ఇండియా సంఘంవారు, అంటే సి.ఎస్.ఐ.వారు, దీన్ని ప్రభురాత్రి భోజన సంస్కారమని రాసి వాడుకలో సంస్కారమని మాత్రమే పిలుస్తారు; బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాల్లో బల్ల అనే మాటే చెల్లుబాటు; సహవాస మందిరాల్లో రొట్టె విరవడమంటారు; కతోలికులకు ఇది దివ్య సత్ప్రసాదం, అది అందే ఆరాధన దివ్య బలిపూజ. కంటికి కనిపించే వస్తువు ద్వారా, చేతితో చేసే క్రియ ద్వారా కనిపించని దైవకృపను అందుకునే ఆచారానికి సంస్కారమని పేరు. ఆ రొట్టెలో ప్రభువు ఏ విధంగా ఉంటాడన్న విషయంలో ఈ సంఘాల మధ్య శతాబ్దాల నాటి భేదాలున్నాయి. వాటి చర్చకు ఇది చోటు కాదు. ఈ అధ్యాయానికి కావలసిన సంగతి అందరూ ఒప్పుకునేదే: తనను జ్ఞాపకం చేసుకొమ్మని శిష్యులకు చెప్పిన ప్రభువు, ఆ జ్ఞాపకాన్ని మనసుకు వదిలేయకుండా ఒక పనికి అప్పగించాడు. రొట్టె తీసుకోవాలి, విరవాలి, పంచాలి, తినాలి, గిన్నె పక్కవారికి అందించాలి. ఆ రోజు మనసు బాగున్నా బాగులేకపోయినా చేయి చాచితే చాలు, జ్ఞాపకం తన పని తాను చేసుకుపోతుంది.

ఆ కడపటి భోజనం కూడా శూన్యంలో పుట్టింది కాదు. యూదుల పస్కా పండుగ, అంటే ఐగుప్తు దాస్యం నుంచి తమ పితరులు విడుదలైన రాత్రిని ఏటేటా ఇంటింటా భోజనంతో తలచుకునే పండుగ, దానికి నేపథ్యం; ఆ ఆచారానికి అర్థమేమిటని పిల్లలు అడిగినప్పుడు పెద్దలు ఏమి చెప్పాలో నిర్గమకాండంలో ముందే రాసి ఉంది. యొర్దాను నది దాటిన తరువాత యెహోషువ పన్నెండు రాళ్లు గిల్గాలులో నిలబెట్టించిందీ ఇందుకే. రేపు పిల్లలు చూసి ఇవేమిటని అడగాలి, అడిగితే తండ్రులు చెప్పాలి. పిల్లలు అడగడానికి ఇంట్లో ఏదో ఒకటి కంటికి కనబడుతూ జరుగుతూ ఉండాలన్న ఈ సూత్రం మీదనే ఇంటి విశ్వాసమంతా ఆధారపడి ఉంది, ఎందుకంటే ఏమీ జరగని ఇంట్లో పిల్లలకు అడగడానికి ప్రశ్నే పుట్టదు.

తాతలకు బైబిలులో ఉన్న స్థానం చిన్నది కాదు. పౌలు తన శిష్యుడైన తిమోతికి రాసిన రెండవ పత్రికలో అతని విశ్వాసాన్ని మెచ్చుకుంటూ, అది మొదట అతని అవ్వ లోయిలో, తరువాత తల్లి యునీకేలో నివసించిందని పేర్లతో సహా చెప్పాడు. ఆదికాండం నలభై ఎనిమిదవ అధ్యాయంలో చూపు మందగించిన యాకోబు, కొడుకు యోసేపు తీసుకువచ్చిన ఇద్దరు మనవళ్లను ముద్దాడి కౌగిలించుకుని, చేతులు అడ్డంగా మార్చి కుడిచేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద, ఎడమచేతిని పెద్దవాడైన మనష్షే తల మీద పెట్టి దీవించాడు. యోసేపు సరిచేయబోతే తనకు తెలుసునని చెప్పి వినలేదు. కృష్ణా డెల్టా పల్లెల్లో పరీక్షకు వెళ్లే పిల్లవాడో, కొత్త ఉద్యోగానికి హైదరాబాదు బయలుదేరే కుర్రవాడో తాతగారి ముందు తల వంచితే, ఆయన చేయి పెట్టి ప్రార్థన చేసి పంపే అలవాటుకు మూలం ఇటువంటి ఘట్టాల్లోనే ఉంది. ఆ చేయి బరువు తల మీద తెలిసినవారికి దీవెన అంటే ఏమిటో వేరే వివరించనక్కరలేదు.

డెల్టాలో ఈ బల్ల ఎలా పడింది

కృష్ణా జిల్లాలో ప్రభువు బల్లకు ఉన్న బరువు తెలియాలంటే ఆ బల్ల దగ్గర మొదట ఎవరు కూర్చున్నారో తెలియాలి. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. 1843లో నోబుల్ ప్రారంభించిన పాఠశాలే తరువాత నోబుల్ కళాశాల అయింది. ఆ పాఠశాల మొదట అగ్రవర్ణాల పిల్లలను ఉద్దేశించి నడిచింది, కానీ డెల్టాలో సంఘం విస్తరించింది మాత్రం పల్లె చివరి వాడల నుంచి. రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లో బెజవాడలో (నేటి విజయవాడలో) ఉన్న డార్లింగ్ అనే మిషనరీ దొర దగ్గరకు వెళ్లి సువార్త విన్నాడని, తరువాత తన వాళ్లందరినీ ఆ దారికి తెచ్చాడని సంఘ చరిత్ర చెబుతుంది. నేటి కృష్ణా జిల్లా క్రైస్తవుల్లో ఎందరికో విశ్వాసం విషయంలో ఆయన తాతకు తాత వంటివాడు.

కృష్ణ మీద మొదటి ఆనకట్ట బెజవాడ దగ్గర 1855లో పూర్తయి, కాలువల్లో నీళ్లు పారి, మెట్ట పొలాలు మాగాణులైన కాలం అది. నీళ్లు అందరి పొలాలకూ పారాయి గానీ చెరువుగట్టున, హోటలు బల్ల మీద, బడి వరండాలో వాడల వారికి వేరే గ్లాసు, వేరే చోటు తప్పలేదు. అటువంటి రోజుల్లో, వారానికో నెలకో ఒక్కసారైనా, ఒకే రొట్టె విరిచి, ఒకే గిన్నె పెదవికి తాకించి, ఆ గిన్నెనే పక్కవారికి అందించే చోటు ఒకటి ఉందంటే, దాన్ని ఆచారమని మాత్రమే చూడటం చాలదు. ఎక్కడా కూర్చోనివ్వని మనిషిని పేరు పెట్టి పిలిచి కూర్చోబెట్టిన బల్ల అది. డెల్టా తాతలు సంస్కారపు ఆదివారం నాడు ఉతికిన తెల్లపంచె తీసి కట్టుకున్నారంటే, ఆ గౌరవం వెనుక ఇంత చరిత్ర ఉంది. మనవళ్లు జీన్స్ ప్యాంటుతో వెళ్లినా నష్టం లేదు, ఆ చరిత్ర తెలియకుండా వెళ్లడమే నష్టం.

ఈ సంగతిని అందరికంటే స్పష్టంగా గ్రహించినవాడు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతం నుంచి తెలుగు గడ్డ మీద పనికి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందిన ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. ఆయన పీఠం నేటి తెలంగాణలోని దోర్నకల్. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘాలు కూడా ఆ అధ్యక్ష మండలంలో చేరాయి. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో, విదేశీ మిషనరీలు భారతీయ సహోదరులకు త్యాగాలు ఎన్ని చేసినా స్నేహం ఇవ్వలేదని ఆయన నిర్మొహమాటంగా చెప్పిన మాట నేటికీ తలచుకుంటారు. ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె తిన్నవారు ఆ తరువాత ఇంట్లో ఒకే పంక్తిన కూర్చోలేకపోతే ఆ రొట్టెకు అర్థమేమిటన్న ప్రశ్న ఆయన పనిలో అడుగడుగునా ఉంది. వేర్వేరు సంఘాలు ఒకే బల్ల చుట్టూ చేరాలని 1919 నుంచి పాటుపడిన ఆయన 1945 జనవరి 1న మరణించారు. ఆంగ్లికన్, మెథడిస్టు, కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ ధారలను కలిపిన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది.

అజరయ్య కాలపు సంఘాల్లో రెండు అలవాట్లు ఇంటి విశ్వాసానికి సంబంధించి ముఖ్యమైనవి. ఒకటి గుప్పెడు బియ్యం: వంట చేసే ప్రతిసారీ ఎసట్లో పోసే బియ్యంలోంచి ఇల్లాలు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసి, నిండిన తరువాత గుడికి ఇచ్చేది. తామే కూలి చేసుకుని బతికే కుటుంబాల్లో ఈ గుప్పెడు, భక్తిని పొయ్యి దగ్గరకు తెచ్చింది. రెండవది కోత పండుగ: పంట ఇంటికి వచ్చాక ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు, అరటిగెలలు గుళ్లోకి తెచ్చి అర్పించి, ఆరాధన తరువాత వాటిని వేలం వేసేవారు, నేటికీ డెల్టాలో చాలా సంఘాల్లో ఆ వేలం ఉత్సాహంగా సాగుతుంది. తాతగారి విశ్వాసం ఏ రూపంలో ఉండేదని ఆలోచించే పాఠకుడు ప్రసంగాల కంటే ముందు ఇటువంటి వాటిని వెతకాలి.

శనివారం రాత్రి

డెల్టా పల్లెల్లో సంస్కారం నెలకొకసారి, సాధారణంగా మొదటి ఆదివారం జరగడానికి కారణం ఉంది. సంస్కారం జరిపించే అధికారం గురువుగా అభిషేకం పొందినవారికే ఉంటుంది. ఒక పాస్టరేటు కింద, అంటే ఒకే పాస్టరు పర్యవేక్షణలో, పలు గ్రామాల గుళ్లు ఉండేవి కాబట్టి మిగిలిన వారాల్లో ఊళ్లో ఉండే ఉపదేశి ఆరాధన నడిపేవాడు. అరుదుగా వచ్చేది కాబట్టి ఎదురుచూపు ఉండేది. ఎదురుచూపు ఉన్నచోట సిద్ధపాటు తనంతట తానే వచ్చింది.

ఆ సిద్ధపాటును దగ్గర నుంచి చూడటం అవసరం, ఎందుకంటే నేటి కుటుంబాలు పోగొట్టుకున్నది దీన్నే. చిన్న సంఘాల్లో శనివారం సాయంత్రం పాస్టరమ్మగారు ఎండు ద్రాక్షలు కడిగి, నీళ్లు పోసి మరిగించి, చల్లారాక చేత్తో పిసికి, పలుచని గుడ్డలో వడకట్టి సీసాలో పోసేవారు. గిన్నె అడుగున మిగిలిన పిప్పి కోసం పిల్లలు వంటింటి గడప దగ్గర కాచుకుని ఉండేవారు. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడం ఒక కుటుంబం వంతు. ఇంట్లో తాతగారు కొబ్బరినూనె రాసుకుని తలంటుకుని, జిప్పు ఉన్న నల్ల కవరు బైబిలు, అట్టలు ఊడితే దారంతో కుట్టిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీసి మంచం మీద పెట్టుకుని, కళ్లద్దాలు పంచె కొంగుతో తుడుచుకుని కూర్చునేవారు. ఆ తరం వారికి కీర్తనలు నంబర్లతో సహా వచ్చు. నంబరు చెబితే పల్లవి, పల్లవి ఎత్తుకుంటే రాగం, ఏ చరణం ఎక్కడ తగ్గించి పాడాలో కూడా నోటికే ఉండేది. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి వంటి కవులు రాసిన కీర్తనలు, చదువురాని వారికి సైతం వేదాంత గ్రంథాలయ్యాయి.

ఆ శనివారం రాత్రి అసలు పని ఇంకొకటి ఉండేది. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతూ, సహోదరునికి తన మీద ఏదో విరోధం ఉన్నదని గుర్తుకు వస్తే అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడాలని కొండమీద ప్రసంగంలో యేసు చెప్పాడు. తనను తాను పరీక్షించుకోకుండా ఈ రొట్టె తినకూడదని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. ఈ రెండు మాటలనూ ఉన్నదున్నట్టు తీసుకున్న పెద్దలు డెల్టాలో ఉన్నారు. కాలువ నీటి వంతు దగ్గరో, గట్టు జరిపారన్న తగాదాలోనో మాటలు ఆగిపోయిన తమ్ముడి ఇంటికి సంస్కారానికి ముందు రోజు రాత్రి లాంతరు పట్టుకుని వెళ్లి, ఎక్కువ మాటలు లేకుండా అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి రావడం ఆ తరానికి తెలిసిన సమాధాన పద్ధతి. తగాదా పూర్తిగా తీరకపోవచ్చు, పొలం గట్టు అక్కడే ఉండవచ్చు. మర్నాడు గుళ్లో ఇద్దరూ పక్కపక్కన మోకరిల్లగలిగారంటే చాలు. రోజువారీ విశ్వాసానికి సంబంధించి ప్రభువు బల్ల ఇచ్చే అతి గొప్ప సాధన ఇదేనని చెప్పడానికి సందేహించనక్కరలేదు: నెలకొకసారి మనుషులతో లెక్కలు సరిచూసుకునే తేదీ ఒకటి ఉండటం.

ఈ సాధనను తిరిగి తెచ్చుకోవాలనుకునే పాఠకుడు రాబోయే సంస్కారపు ఆదివారానికి ముందు శనివారం రాత్రి భోజనమయ్యాక ఒక అరగంట కేటాయించుకోవాలి. ఆ అరగంటలో ఫోను పక్కన పెట్టి, ఆ నెలలో ఎవరితో మాట తగ్గిందో, ఎవరికి బాకీ ఉండిపోయిందో, ఎవరి ఫోనుకు కావాలని జవాబివ్వలేదో గుర్తుచేసుకుని ఒక్కరితోనైనా మాట్లాడాలి. దీర్ఘమైన వివరణలతో, తప్పెవరిదన్న విచారణతో మొదలుపెట్టిన ఫోను సంభాషణలు సాధారణంగా కొత్త తగాదాతో ముగుస్తాయి కాబట్టి పాత పెద్దల పద్ధతే మేలు: క్షేమం అడగాలి, పిల్లల సంగతి అడగాలి, అవసరమైతే క్షమించమని ఒక్క మాట అనాలి. అవతలివారు స్పందించకపోయినా బల్ల దగ్గరకు వెళ్లే అర్హత పోదు. సమాధానపడటానికి చేసిన ప్రయత్నమే అక్కడ అడిగేది. అయితే హింసించిన వారితోను, మోసగించి ఇంకా మోసగిస్తూనే ఉన్నవారితోను రాజీ పడమని ఈ బోధకు అర్థం చెప్పకూడదు. అటువంటి చోట పాస్టరుగారి ద్వారానో నమ్మదగిన పెద్దల ద్వారానో వెళ్లడం, అవసరమైతే దూరం పాటించడం కూడా విశ్వాసంలో భాగమే.

తాతగారిని ఉన్నది ఉన్నట్టుగా

తాతగారి జ్ఞాపకం పనికిరావాలంటే అది నిజమైనదై ఉండాలి. ఆదరణ కూడికల్లో, అంటే మరణం తరువాత బంధువులూ సంఘమూ కలిసి ఆ కుటుంబాన్ని ఓదార్చే ప్రార్థన కూటాల్లో, పోయినవారి గురించి మంచే చెబుతారు, అది మర్యాద. కానీ మనవడు తన మనసులో దాచుకునే తాతగారు అంతకంటే నిండైన మనిషి కావాలి. ఉదయం ప్రార్థన తప్పని ఆ మనిషే కోపంలో కొడుకు మీద చేయి చేసుకుని ఉండవచ్చు. కానుక పెట్టెలో లోటు చేయని ఆయనే కూతుళ్ల చదువు దగ్గర వెనుకాడి ఉండవచ్చు. అందరూ ఒకే బల్ల దగ్గర తినాలన్న సంఘంలో పెరిగి, పెళ్లి సంబంధం వచ్చేసరికి కులం అడిగి ఉండవచ్చు. వీటిని దాచిపెడితే జ్ఞాపకం బొమ్మగా మారుతుంది, బొమ్మను అనుసరించడం ఎవరికీ సాధ్యం కాదు. బైబిలు యాకోబును దీవించే తాతగానూ చూపింది, అన్నను మోసగించిన తమ్ముడిగానూ చూపింది. ప్రతి సంస్కారంలోనూ రొట్టెకు ముందు పాప ఒప్పుకోలు ఉండటానికి కారణం, ఆ బల్ల దగ్గరకు మచ్చలేనివారు ఎవరూ రారన్నదే. తాతగారు కూడా ప్రతి నెలా ఆ ఒప్పుకోలు చెప్పిన తరువాతే చేయి చాచారు.

ఆయనను ఇలా నిజంగా తెలుసుకోవడానికి మొదటి పని వినడం. తాతగారు జీవించి ఉంటే ఆయనను అడగాలి. లేకపోతే ఆయన చెల్లెలినో, ఆయనతో కలిసి పొలం పని చేసినవారినో, పాత ఉపదేశిగారినో అడగాలి. విశ్వాసం గురించి చెప్పమని సూటిగా అడిగితే పెద్దలు ప్రసంగం చెబుతారు. కష్టకాలం గురించి అడిగితే జీవితం చెబుతారు. దివిసీమ ప్రాంతపు వారికి 1977 నవంబరు 19 ఒక హద్దు. ఆ రోజు వచ్చిన ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయారు, ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆనాడు యువకులుగా ఉండి బతికి బయటపడిన వారు నేడు తాతలు. ఆ మరుసటి ఆదివారం ప్రార్థనకు నోరు పెగిలిందా, ఏ కీర్తన పాడారు, దేవుని మీద కోపం వచ్చిందా అని అడిగే మనవడికి ఏ పుస్తకంలోనూ దొరకని సమాధానం దొరుకుతుంది; వారు మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని కూడా గౌరవించి ఊరుకోవాలి.

రెండవ పని పుస్తకాన్ని తెరవడం. చాలా ఇళ్లలో తాతగారి బైబిలు ఇనప్పెట్టెలోనో అటక మీదనో ఉంటుంది. దాని మొదటి పేజీల్లో పుట్టిన తేదీలు, బాప్తిస్మపు తేదీలు, పోయినవారి తేదీలు నీలిసిరాతో రాసి ఉండటం మామూలు. మధ్యలో బస్సు టికెట్లు, పెళ్లి శుభలేఖ ముక్కలు గుర్తులుగా పెట్టి ఉంటాయి. ఆ గుర్తులున్న పేజీల్లో ఏ భాగం ఉందో చూసి, నెలకొకటి చొప్పున వాటినే కుటుంబ ప్రార్థనలో చదువుకోవడం చాలా సులువైన ఆరంభం. కుటుంబ ప్రార్థన అంటే ఇంటిల్లపాదీ రోజులో ఒకసారి కలిసి ఒక కీర్తన పాడి, కొద్దిపాటి వాక్యం చదివి, ప్రార్థించుకోవడం. పది నిమిషాలు దాటితే పిల్లలకు విసుగు, కాబట్టి పది నిమిషాలలోపే ముగించాలి. మొదటిరోజే గంటసేపు కూర్చోబెట్టిన కుటుంబాల్లో ఈ అలవాటు వారం దాటి నిలవడం కష్టం.

సంఘాలు వేరైనప్పుడు

నేటి విజయవాడలో తాతగారిది సి.ఎస్.ఐ. సంఘమైతే కొడుకుది బాప్టిస్టు సంఘం, మనవడు వెళ్లేది సినిమా హాలంత పెద్ద స్వతంత్ర ప్రార్థన మందిరం, మేనత్త కుటుంబం కతోలికులు కావడం అరుదైన సంగతి కాదు. అటువంటి కుటుంబాలకు కలిసి గుర్తుచేసుకునే చోటు ఒకటి కావాలి. విజయవాడలోని గుణదల అటువంటి చోటే: అక్కడి కొండ మీద ఫాదర్ ఆర్లాటి 1924లో ప్రతిష్ఠించిన మరియమాత స్వరూపం దగ్గర ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే ఉత్సవాలకు కతోలికులే కాక ఇతర క్రైస్తవులూ హిందువులూ లక్షల్లో వస్తారు. తాతగారి భుజం మీద కూర్చుని ఆ మెట్లెక్కిన పిల్లలు డెల్టాలో ఎందరో. సత్ప్రసాదం విషయంలో మాత్రం ఏ సంఘపు నియమం ఆ సంఘానిదే. కతోలిక పూజలో ఇతర సంఘాలవారు సాధారణంగా సత్ప్రసాదం స్వీకరించరు, కొన్ని ప్రొటెస్టెంటు సంఘాల్లో బాప్తిస్మం పొందిన ఎవరైనా రావచ్చు, మరికొన్నింటిలో ముంచుడు బాప్తిస్మం తప్పనిసరి. తెలియకపోతే ముందే అడిగి తెలుసుకోవడం, తీసుకోలేని చోట చేతులు కట్టుకుని మౌనంగా ప్రార్థించుకోవడం మర్యాద. ఒకే తాతగారి వంశంలో పుట్టినవారు ఒకే బల్ల దగ్గర కూర్చోలేని స్థితి బాధాకరం. అజరయ్య తరం పడిన ఆ బాధను నేటి సంఘ పెద్దలు మరింత గట్టిగా పడవలసి ఉంది.

దూరం మరొక చిక్కు. 2020లో కోవిడ్ వల్ల గుళ్లు మూతపడినప్పుడు చాలా కుటుంబాలు ఇంట్లో రొట్టె, ద్రాక్షరసం పెట్టుకుని ఫోను తెర ముందు సంస్కారం తీసుకున్నాయి. కొన్ని సంఘాలు అందుకు ఒప్పుకున్నాయి, కొన్ని ఒప్పుకోలేదు. ఆ కష్టకాలపు ఏర్పాటును తప్పుపట్టవలసిన పని లేదు, అయితే ఆ కాలం గడిచిపోయాక కూడా బెంగళూరులోనో డాలస్‌లోనో సోఫాలో కూర్చుని ఒంటరిగా బల్ల తీసుకోవడమే అలవాటుగా నిలిచిపోవడం మంచిది కాదన్నది ఈ గ్రంథకర్త అభిప్రాయం. కొరింథులో ధనికులు ముందే వచ్చి తినేసి, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చిన పేదలను ఆకలితో ఉంచుతున్నారని తెలిసినప్పుడు, ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకుని ఉండమని పౌలు ఆదేశించాడు. ఇంకొకరి కోసం ఆగవలసిన అవసరమే లేని భోజనంలో ఆ ఆదేశానికి చోటుండదు. దూరప్రాంతంలో ఉన్న మనవడు ఆ ఊళ్లో ఉన్న తెలుగు సంఘాన్నో, భాష వేరైనా దగ్గరలోని సంఘాన్నో వెతుక్కుని వెళ్లడం, ఆ ఉదయమే ఇంటికి ఫోను చేసి తాతగారి చేత ప్రార్థన చేయించుకుని బయలుదేరడం రెండూ కలిపి చేయవచ్చు.

పోయిన తాతగారి పేర ఏటేటా జరిపే జ్ఞాపకార్థ కూడిక గురించి ఒక మాట చెప్పక తప్పదు. కూడలిలో ఫ్లెక్సీ, షామియానా, మైకుసెట్టు, వందలమందికి బిరియానీతో, అప్పు చేసైనా ఘనంగా జరపాలన్న పోటీ ఇటీవల పెరిగింది. పదిమందికి అన్నం పెట్టడం మంచిదే, కానీ తాతగారు బతికున్నంతకాలం ఆయన పక్కన కూర్చోవడానికి తీరిక దొరకనివారు పోయాక ఫ్లెక్సీలో ఆయన పక్కన నిలబడటం వల్ల ఎవరికీ మేలు జరగదు. ఆ ఖర్చులో సగం తగ్గించి, ఆ నెల సంస్కారానికి కావలసిన రొట్టె, ద్రాక్షరసం తాతగారి పేర ఇచ్చి, గుప్పెడు బియ్యపు అలవాటును ఇంట్లో తిరిగి మొదలుపెట్టి, ఆ బియ్యాన్ని వాడలో ఒంటరిగా ఉన్న ముసలివారికి అందించే కుటుంబం తాతగారిని నిజంగా గౌరవించినట్టు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించేటప్పుడు పిల్లలను వెంట తీసుకువెళ్లి, అక్కడ పడుకున్నాయన ఏ పని చేసేవాడో, ఎవరితో సమాధానపడ్డాడో, ఏ కీర్తన పాడేవాడో చెప్పడం కూడా అటువంటిదే; అందుకు ఖర్చు ఏమీ లేదు.

తాతగారు ఇంకా ఉన్న ఇళ్లవారికి పని ఇంతకంటే తేలిక. నడవలేక గుడికి రావడం మానేసిన పెద్దలకు ఇంటి దగ్గరే సంస్కారం ఇచ్చే పద్ధతి అన్ని పాత సంఘాల్లోనూ ఉంది. కావలసిందల్లా పాస్టరుగారికి వారం ముందు చెప్పడం, మంచం పక్కన ఒక చిన్న బల్ల, దాని మీద ఉతికిన తెల్లగుడ్డ. తాతగారికి ఇష్టమైన కీర్తన నంబరు ముందే అడిగి తెలుసుకుని ఇంట్లో అందరూ ఒకసారి పాడుకుని ఉంచాలి, మింగడం కష్టమైతే రొట్టెను ద్రాక్షరసంలో ముంచి ఇవ్వమని పాస్టరుగారికి చెప్పాలి, ఆ పూట టీవీ ఆపాలి, పాస్టరుగారు వచ్చిన తరువాత తొందరపెట్టకూడదు. ఈ అధ్యాయంలోని మిగతా సూచనలను పాఠకులు తమ వీలును బట్టి వాయిదా వేసుకున్నా ఫర్వాలేదు. పాస్టరుగారికి ఆ ఫోను మాత్రం ఈ వారంలోనే చేయాలి.